తలుపు కాదు, డబ్బ చూడుండ్రి

మొదటి వాన పడ్డ వారమే మా వంటింట్ల సింకు కింది తలుపు ఊడి చేతికొచ్చింది. కబ్జాకు పట్టిన స్క్రూలొచ్చినయి, వాటెంబడి ఇంత పొట్టొచ్చింది. తలుపు అంచు నానిన అట్టముక్క లెక్క ఉబ్బి ఉన్నది. పొయ్యి పక్కనున్న తలుపుకైతే పైన అతికిచ్చిన ప్లాస్టిక్ పొర సెగకు లేచిపోయి ఏడాది దాటింది. మా బిడ్డ దానికి టేపు పెట్టి ఆపింది. తొమ్మిదేండ్ల కింద కొత్తింట్లకు పోయే సంబురంల అప్పు జేసి పెట్టిచ్చిన వంటిల్లు ఇది.

అదే వారం ఒక షోరూం నుంచి పిలగాడొచ్చి అంతా కొలుచుకపోయిండు. రెండు రోజులకు ల్యాప్‌టాప్‌ల రంగురంగుల బొమ్మ చూపిచ్చిండు. "సార్, మొత్తం తీసేద్దాం. పాతదానికి ఎంత పెట్టినా పాతదే గదా" అన్నడు. 3 లక్షల 85 వేలు. చిమ్నీ ఫ్రీ. నెలనెలా కట్టుకునే సౌలత్ కూడా ఉన్నదట. బిడ్డ కాలేజీ ఫీజుకని మేము పక్కకు పెట్టిన పైసలు సుమారుగా గంతే. ఇంకా బేరం మొదలు పెట్టకముందే నా అరచేతులల్ల చెమట పట్టింది.

తలుపులు మారిస్తే సరిపోతదా, మొత్తం పీకాల్నా? ఈ ముచ్చట మా ఒక్కింటిదే కాదు. పది పదిహేనేండ్ల కింద హైదరాబాదు చుట్టుపక్కల, కరీంనగర్ల, వరంగల్ల అపార్టుమెంట్లు లేచినప్పుడు పెట్టిచ్చిన వంటిండ్లన్నీ ఇప్పుడు ఇదే వయసుకొచ్చినయి. నేను వడ్లపని నేర్చినోణ్ణి కాదు. మీటింగులు, కరపత్రాలు, ధర్నాలు నా పని. పదో తరగతి కాడ బడి ఆగిపోయింది, తర్వాత చదివిందంతా గ్రంథాలయంల. గాని ఇంట్ల పైసలు పోయేకాడ నలుగురిని అడిగి తెలుసుకునుడు అలవాటు. నెలరోజులు తిరిగిన. రాణిగంజు హార్డువేరు దుకాండ్లల్ల నిలబడ్డ. మోకాళ్ల మీద కూసొని సింకు కిందికి తల పెట్టి చూసిన. గదే ఇక్కడ జెప్తున్న.

వంటింటి అల్మారి అంటే నిజానికి రెండు వస్తువులు. ఒకటి డబ్బ. అంటే పక్క పలకలు, అడుగు, వెనక పలక, నడిమి అర. బరువు మోసేది అదే. రెండోది దాని ముంగట ఊగే తలుపు. కంటికి కనవడేది తలుపు. గందుకే మనం తలుపును చూసి డబ్బకు తీర్పు జెప్తం. అమ్మేటోడు కూడా తలుపు రంగు చూపిచ్చి డబ్బను అమ్ముతడు. తలుపు పాడైతే తలుపు మార్చుకోవాలె. డబ్బనే కుళ్లితే దానికి కొత్త తలుపు బిగించుడు బీటలు వారిన గోడకు సున్నమేసినట్టే. ఇంత చిన్న సంగతి నాకు నలభై ఏడేండ్లకు తెలిసింది.

ఎంత తేడా వస్తదో లెక్క కట్టి చూడుండ్రి. రెండు ఫీట్ల వెడల్పు, రెండు ఫీట్ల లోతు, రెండున్నర ఫీట్ల ఎత్తు డబ్బ ఒకటి అనుకుందాం. దాని తలుపు 5 చదరపు ఫీట్లు. అదే డబ్బకు రెండు పక్కలు కలిపి 10, అడుగు 4, నడుమ ఒక అర 4, వెనక పలక 5. మొత్తం 23. అంటే తలుపుకు పట్టే చెక్కకు నాలుగింతల కంటె ఎక్కువ చెక్క మనకు కనవడకుండ లోపల ఉంటది. మా ఇంట్ల కిందివి ఎనిమిది, పైవి ఆరు, మొత్తం పద్నాలుగు తలుపులు. అన్ని కలిపి కొలిస్తే 46 చదరపు ఫీట్లు. ఒక ప్లైవుడ్డు షీటు ఎనిమిది ఫీట్లకు నాలుగు, అంటే 32. కోతల పోయేది పోంగ రెండు షీట్లల్ల మా తలుపులన్నీ ఎల్తయి. ఈ లెక్క తెలిసినంక 3 లక్షల 85 వేలు నాకు వేరే తీరుగ కనవడ్డయి.

మరి డబ్బ మంచిగున్నదా లేదా అని తేల్చేదెవరు? మా కాలనీ వెనక సందుల ఒక వడ్లాయన ఉంటడు. అరవై దాటినయి. వాళ్ల తాత నాగండ్లు, బండ్లు జేసిండు. ఈయన దర్వాజలు, మంచాలు జేసిండు. ఇప్పుడు మిషినుల కోసి తెచ్చిన పలకలు బిగించేటందుకు ఎవలన్న పిలిస్తే పోతడు, పిలువకుంటే అరుగు మీద కూసుంటడు. ఆయన్ని తోలుకొచ్చిన. వచ్చి సంచిల నుంచి టేపు తియ్యలే. నల్లా ఇప్పి నీళ్లు ఇడిచి, సింకు కింద పైపు చుట్టు చెయ్యి పెట్టుకొని కూసున్నడు. జరసేపటికి వేళ్లు తడిసినయి.

"ముందు ఇది చూడాలె తమ్మీ. నీళ్లు కారుడు బందు కాకుంటే నువ్వు టేకుతోని జేయించినా ఖరాబే" అన్నడు.

నలభై రూపాయల వాషరు. తొమ్మిదేండ్లు మేము దాన్ని చూడలే. షోరూం పిలగాడు కూడా చూడలే. చూస్తే ఆయనకేమొస్తది?

తర్వాత ఆయన జేసిన పని మీరు కూడా జేసుకోవచ్చు. సామాను మొత్తం బయట పెట్టి, ప్రతి డబ్బ అడుగున వెనక మూలకు టార్చి లైటు కొట్టిండు. తడి మొదలు జేరేది ఆ మూలకే. స్క్రూడ్రైవర్ మొనతోని ఆ మూలల మెల్లగ పొడిచిండు. గట్టి చెక్క అయితే మొన ఆగుతది. కుళ్లితే మెత్తటి బెల్లంల దిగినట్టు దిగుతది. వేలి గణుపుతోని కొట్టి చప్పుడు విన్నడు. బోలుగ మోగితే లోపల చెదలు తిన్నట్టు. గోడ పొంటి సన్నగ మట్టి గీత ఉన్నా అదే. చెదలు డబ్బల పుట్టయి, గోడల నుంచో నేల నుంచో వస్తయి. దానికి మందు కొట్టియ్యకుండ కొత్త డబ్బ పెడితే వాటికి కొత్త బువ్వ పెట్టినట్టే. ఆ తర్వాత దారం తీసుకొని డబ్బ ముంగటి ఎదురెదురు మూలలు రెండు తీర్ల కొలిచిండు. రెండు కొలతలు ఒక్కటే వస్తే డబ్బ సక్కగున్నది. తేడా వస్తే ఒరిగింది, కొత్త తలుపు పెట్టినా సరిగ్గ పడదు. ఆఖరికి ప్రతి తలుపు కబ్జా స్క్రూ ఒకటి ఇప్పి మళ్ల బిగించిండు. పట్టుకుంటే మంచిదే. ఊకనే తిరిగితే ఆ చోట పట్టు పోయింది. డబ్బ తక్కిందంతా గట్టిగుంటే దానికీ ఇలాజ్ ఉన్నది. ఆ కాడ లోపల ఒక ప్లైవుడ్డు పట్టీ అతికిచ్చి, దానికి కొత్త స్క్రూ కొట్టాలె.

మా వంటింటికి రెండు తీర్పులొచ్చినయి. పైన గోడకున్న ఆరు డబ్బలల్ల నాలుగు గట్టిగున్నయి. పొయ్యి మీదిది ఆవిరికి అడుగు ఉబ్బింది. బాత్రూం గోడకున్న మూల డబ్బ వెనక పలక మొత్తం బూజు. ఈ రెండు పోవాల్సిందే. ఇగ కిందికొస్తే, అసలు చెక్క డబ్బలే లేవు. బిల్డరు గ్రానైటు గట్టు కింద నిలబెట్టిన కడప బండలే మా డబ్బలు. మన దిక్కు శానా ఇండ్లల్ల ఇదే ఉంటది. కొన్ని చోట్ల తాండూరు బండ ఉంటది. రెండూ సున్నపురాయి జాతే. నిమ్మరసం పడ్డా, ఆసిడ్ పడ్డా మచ్చ వడ్తది. గాని నీళ్లకు ఉబ్బదు, చెదలు తినదు, బరువుకు వంగదు. తొమ్మిదేండ్ల కింద మేము దాని ముంగట సన్నటి చెక్క చట్రం కొట్టి తలుపులు పెట్టిచ్చినం, గంతే. షోరూం కాగితంల మొట్టమొదటి పద్దు ఏందో తెలుసా? ఆ బండలు కూలగొట్టుడు, 18 వేలు. వంద రూపాయల బండను పగులగొట్టి, దాని జాగల పొట్టు పలక పెట్టేటందుకు మనమే ఎదురు కూలి ఇయ్యాలె.

పొట్టు పలక అని ఎందుకంటున్ననంటే, దుకాండ్లల్ల పేర్లు శానా ఉంటయి గాని అసలు సంగతి మూడు నాలుగే. రంపపు పొట్టును, చెక్క పలుకులను జిగురు పోసి ఒత్తింది పార్టికల్ బోర్డు. ఇంకా మెత్తటి పీచుతోని ఒత్తింది ఎండీఎఫ్. మా తలుపులు ఇవే, చూడనీకి నున్నగ ఉంటయి, అంచుల నుంచి నీళ్లు తాగుతయి. సన్నటి చెక్క పొరలను అడ్డం నిలువుగ అతికిచ్చింది ప్లైవుడ్డు. దాంట్ల కూడా తరగతులున్నయి. ఐఎస్ 303 రకంల బీడబ్ల్యూఆర్ అని రాసున్నదాని జిగురు 8 గంటలు మరిగే నీళ్లల్ల ఓర్సుకోవాలె. ఐఎస్ 710 అయితే 72 గంటలు. పలక మీద ఆ ముద్ర, ఐఎస్ఐ గుర్తు ఉన్నదో లేదో కళ్లతోని చూసినంకనే కొయ్యనియ్యాలె. కోసి సన్మైక అతికిచ్చినంక లోపల ఏమున్నదో దేవునికే తెల్వాలె. సింకు పక్కకు 710 పెట్టుకోవాలె. పొడిగుండే పై తలుపులకు 303 నడుస్తది, అన్నిటికి 710 అని అప్పు జేయొద్దు. ఒక ముచ్చట మాత్రం యాదికుంచుకోవాలె. సన్మైక తలుపుకు రెండు దిక్కులా అతికియ్యాలె. పైసలు మిగులుతయని బయటి దిక్కే అతికిస్తే కొన్ని నెలలకే తలుపు విల్లు లెక్క వంగుతది. కోసిన నాలుగు అంచులకు పట్టీ వెయ్యాలె, కనవడని కింది అంచుకు కూడ. మా తలుపులు తాగిన నీళ్లన్నీ ఆ అంచు నుంచే తాగినయి.

కొత్త పలకల వాసన గురించి ఒక మాట. శానా జిగుర్లల్ల ఫార్మాల్డిహైడ్ ఉంటది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిజేసే క్యాన్సరు పరిశోధన సంస్థ 2004ల దాన్ని మనుషులకు క్యాన్సరు తెచ్చే పదార్థాల జాబితాల పెట్టింది. పలక మీద ఈ-1, ఈ-0 అని రాసుంటే అది తక్కువ ఇడుస్తదని అర్థం. కొత్తది పెట్టినంక కిటికీలు తెరిచి పెట్టాలె. పాతది కొట్టేసినప్పుడు ఆ ముక్కలను నీళ్ల పొయ్యిల పెట్టి తానానికి నీళ్లు కాగబెట్టుడు మన దిక్కు అలవాటు. జిగురు, ప్లాస్టిక్ పొర కాలిన పొగ అది, పిల్లలున్న ఇంట్ల అసలే వద్దు.

పాత తలుపు మీదనే కొత్త పొర అతికిస్తే అయిపోతది గదా అంటరు కొందరు. అంచులు ఉబ్బకుండ, పలక గట్టిగుంటే అయితది. గాని తొమ్మిదేండ్ల నూనె జిడ్డును సోడతోని కడిగి, ఆరబెట్టి, గరుకు కాయితం పెట్టి రాకితేనే జిగురు పట్టుకుంటది. ఉబ్బిన ఎండీఎఫ్ మీద మాత్రం ఏం పట్టదు. ఇగ ఫోన్ల కనవడే స్టిక్కరు చుట్టలైతే కిరాయి ఇంట్లున్నోళ్లకు, ఏడాదో రెండేండ్లో నడుస్తయి. పొయ్యి పక్కన అవి కూడా లేస్తయి.

సరే. ఇవన్నీ తెలుసుకొని నేను ఒకరోజు రాత్రి అన్నం కాడ గొప్పగ జెప్పిన. బండలు ముట్టం, రెండు డబ్బలు మారుస్తం, పద్నాలుగు తలుపులు కొత్తవి పెట్టిస్తం, ఫీజు పైసలు మిగుల్తయి, కంపెనీల మోసానికి మన జవాబు ఇది అన్న. మా ఇంటామె పెరుగు గిన్నె కింద పెట్టింది.

"ఎవలిని అడిగి తేల్చినవ్?"

నేను వడ్లన్న పేరు జెప్పిన.

"ఆయన వంట జేస్తడా ఇక్కడ? ఇరవై ఏండ్ల సంది ఆడోళ్ల పనికి లెక్క కట్టాలె అని మైకుల ఒర్రుతవు. ఈ బండల కిందికి నేను దినాం ఎన్నిసార్లు వంగుతున్ననో లెక్క కట్టినవా? తలుపు రంగు కాదు నా బాధ. నా నడుము, నా బుజం."

జవాబు లేదు నా కాడ. తెల్లారి పొద్దుమీకి వంటింటి గడప కాడ పీటేసుకొని కూసున్న. చపాతి, టమాట పప్పు, అన్నం. ఆ ఒక్క పూటకు ఆమె కింది అరలల్లకు వంగింది ఇరవై ఆరు సార్లు. పప్పు డబ్బ కోసం వంగితే ముంగట కుక్కరు అడ్డం, కుక్కరు తీసి పక్కకు పెట్టి, మళ్ల లోపలికి చెయ్యి పెట్టాలె. బండ అర రెండు ఫీట్ల లోతు. లోపల ఏమున్నదో మోకాళ్ల మీద కూసుంటే తప్ప కనవడది.

గప్పుడు నాకు ఎప్పుడో చదివిన ఒక సంగతి యాదికొచ్చింది. మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నమే, దాని మూలం 1926ల జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంల ఉన్నది. కూలినాలి చేసుకునేటోళ్లకు ఆ నగరం ఇండ్లు కట్టిస్తుంటే, మార్గరెటె షూట్టె-లిహోట్జ్‌కి అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు వాటికి వంటిల్లు గీసింది. సుమారు ఆరున్నర చదరపు మీటర్ల జాగ, అంతే. రైలు డబ్బల వంటగదిని చూసి, వంట జేసే మనిషి ఎన్ని అడుగులేస్తది, ఎంతసేపు పడ్తదని గడియారం పెట్టి కొలిచిన లెక్కలు ముంగటేసుకొని గీసింది. అట్లాంటియి పదివేల వంటిండ్లు కట్టిండ్రు. ఆమె కమ్యూనిస్టు. నాజీలకు ఎదురు నిలిచి 1941ల జైలుకు పోయింది, 1945 దాక బయటికి రాలే. ఆమె కూడా ఆడోళ్లను వంటింటికే కట్టేసిందని తర్వాత విమర్శ వచ్చింది, అది కూడా న్యాయమే. గాని కొలత ఎక్కడ మొదలు పెట్టాలెనో ఆమెకు తెలుసు. మా ఇంటికొచ్చిన పిలగాడు గోడను కొలిచిండు. నేను తలుపులను కొలిచిన. మనిషిని ఇద్దరం కొలువలే.

కొలిచినం. మా ఆమె ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. నిలబడి మోచెయ్యి మడిస్తే నేల నుంచి 37 అంగుళాలు. గట్టు ఎత్తు 34. కూరగాయలు తరగనీకి మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద గట్టుంటే హాయి. మాది జర ఎక్కువ, ఐనా ఓర్చుకోవచ్చు. అసలు తిప్పలు పొయ్యి. గట్టు మీద నాలుగంగుళాల పొయ్యి, దాని మీద గంజు. గరిటె తిప్పాలంటే చెయ్యి బుజం దాక లేపాలె. పదార్లు పెద్ద గంజుల పప్పు కలిపి కలిపి ఆమె కుడి బుజం పోయింది. పొయ్యిని గట్టు మీద పెట్టుకునే మన ఇండ్లన్నిట్ల ఉన్న తిప్పలే ఇది. కొత్త తలుపులు దీన్ని ఏం జేయలేవు. ఆ షోరూం బొమ్మల కూడా గట్టు 34 అంగుళాలే, చిమ్నీ మాత్రం ఫ్రీ.

మళ్ల వడ్లన్నను పిలిచినం. ఈసారి మా ఆమె జెప్పింది, నేను విన్న. ఆయన బండల నడుమ జాగ కొలిచి, "చెల్లె, తలుపులెందుకు, సొరుగులు పెడ్త" అన్నడు. కడప బండ పక్కలకు చెక్క పట్టీలు బోల్టులేసి బిగించి, వాటికి జారే చానళ్లు కొట్టి, కింద ఎనిమిది తలుపులల్ల ఆరింటి జాగల లోతు సొరుగులు. లాగితే లోపలున్నదంతా కాళ్ల ముంగటికొస్తది. సింకు కింద, సిలిండరు కాడ మాత్రం తలుపులే. పొయ్యికి రాయి కోసేటాయన్ని పిలవాలె అన్నడు. పొయ్యి పట్టే మేరకు గ్రానైటు కోసి, పక్క బండలకు ఇనుప యాంగిల్ పట్టీలు బిగించి, కోసిన ఆ ముక్కనే నాలుగంగుళాల కిందికి కూసోబెట్టుడు. ఒక పూట పని, ఇల్లంత దుమ్ము. గ్యాసు పైపును ఆ రోజే కొత్తది మార్చినం.

అందరికి ఇదే దారి అని నేను జెప్పను. డబ్బలన్నీ పొట్టు పలకవే అయ్యి సగానికి మించి ఉబ్బితే, చెదలు వెనక దాక పోతే, గోడల పైపు పగిలి గోడనే పీకాల్సొస్తే మొత్తం తీసేసుడే నయం. గట్టుకు అడ్డంగ సిలిండరు, ఫ్రిజ్జి తలుపు తెరిస్తే నడిచే జాగ లేని వంటిండ్లు ఉంటయి, వాటికి తలుపులు మార్చి లాభం లేదు. అట్ల తీసేసేటోళ్లు కాగితం జర నిదానంగ చదువుకోవాలె. చదరపు ఫీటుకు ఇంత అంటే అది తలుపు ముఖం కొలతనా, లోపలి పలకలన్నిటి కొలతనా అడగాలె. బుట్టలు, చానళ్లు, కబ్జాలు ఆ రేటుల ఉన్నయా, బయటనా అడగాలె. నాకిచ్చిన కాగితం ముంగట పదేండ్ల గ్యారంటీ అని పెద్దక్షరాలు. వెనక చిన్నక్షరాలల్ల నీళ్లు తగిలి ఉబ్బితే మాకు సంబంధం లేదని. వంటింట్ల నీళ్లు తగలక ఇంకేం తగుల్తది?

మాకు అన్నీ కలిపి 71 వేలు అయినయి. దాంట్ల వడ్లన్నకు, ఆయన ఎంబడొచ్చిన పిలగానికి పదకొండు రోజుల కూలి పోయింది. షోరూమైతే రెండు రోజులల్ల బిగించి పోదురు, ఆ మాట నిజమే. పదకొండు రోజులు మేము వరండల స్టవ్వు పెట్టుకొని వండుకున్నం, రెండుసార్లు కొట్లాడుకున్నం. ఒక సొరుగు ఇప్పటికీ సగం కాడ ఆగుతది, బండ ఆ కాడ జర వంకర. రంగు మా ఆమె సూశింది, ముదురు ఆకుపచ్చ. నాకు నచ్చలే గాని ఎవలు అడిగిండ్రు నన్ను?

బాత్రూం గోడకున్న మూల డబ్బ ఇంకా పెట్టలే. పైపు బాగు జేయించినం గాని గోడ తడి ఆరలే, ఆరినంకనే పెడ్త అని వడ్లన్న పట్టుబట్టిండు. వారానికోసారి వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి, చాయ తాగి పోతున్నడు. అప్పటిదాక మా చాయపత్త, చక్కెర డబ్బలు టీవీ పక్కననే ఉన్నయి.